మా వదిన కొలిచిన చప్పుడు

మా అన్నయ్య కేశవరావుకి ఒక జబ్బుంది. చుట్టూ నలుగురు చేరితే చాలు, పెళ్ళాం మీద ఒక మాట విసరందే ఆయనకి తిన్నది అరగదు. మనిషి చెడ్డవాడని నేననను. తోడబుట్టినవాణ్ణి అలా ఎలా అంటాను? కానీ నోరు మాత్రం కుదురుగా ఉండదు. ఆ శనివారం కూడా అలవాటు కొద్దీ ఒకటి విసిరాడు. కాకపోతే అది తగలకూడని చోట తగిలింది.

అమెరికాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో వాళ్ళిల్లు మా ఇంటికి రెండు సిగ్నళ్ళ అవతల. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ పెట్టించినప్పటినుంచీ శనివారం సాయంత్రాలు అందరం అక్కడే తేలుతున్నాం. రిక్లైనర్లలో మగవాళ్ళు పడుకుంటారు. దాన్ని కూర్చోవడం అని నేనెందుకంటాను? పిల్లలు బీన్‌బ్యాగుల్లో దొర్లుతుంటారు. ఆడవాళ్ళం వెనక జంపఖానా పరుచుకుని, మెట్లకి దగ్గరగా కూర్చుంటాం. మధ్యమధ్యలో పైకెళ్ళి టీలూ పకోడీలూ తేవాలి కదా మరి. మా వదిన జయంతి చోటు మరీ కొసన, మొదటి మెట్టు పక్కన. అక్కణ్ణుంచి తెర అడుగు భాగం కనపడదు, అన్నీ తలకాయలే.

ఆ రోజు ఏదో కొత్త సినిమా. ఒక జోకు పేలింది, గదంతా నవ్వింది. వదిన నా మోచెయ్యి తట్టి, "ఏమన్నాడు సుభా?" అంది.

నేను నోరు విప్పేలోపే అన్నయ్య మెడ వెనక్కి తిప్పాడు. "మీ ఆంటీకి చెవుడొచ్చిందర్రా. ఇకనుంచి మనం సైగలు ప్రాక్టీస్ చేయాలి" అన్నాడు పిల్లలతో. సినిమాలో జోక్కన్నా దీనికే ఎక్కువ నవ్వారు.

వదిన నవ్వలేదు. ఖాళీ ప్లేట్లు పోగుచేసుకుని పైకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. సింకులో కుళాయి వదిలేసి నిలబడి ఉంది. చేతులు వణుకుతున్నాయి. ఇన్నేళ్ళలో మా వదిన చేతులు వణకడం నేనెప్పుడూ చూడలేదు.

ఎందుకు వణికాయో తెలియాలంటే ఆవిడ చేసే పనేమిటో చెప్పాలి.

మా వదినది తెనాలి. పెళ్ళయ్యాక డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చింది. డిగ్రీ ఉంది, చదువంటే ప్రాణం, కానీ పని చేయడానికి వీల్లేదు. ఏళ్ళ తరబడి కూతుర్ని స్కూలుకి దింపడం, ఎక్కించుకోవడం, వచ్చేపోయేవాళ్ళకి వండి పెట్టడం. గ్రీన్ కార్డు వచ్చేసరికి వయసు నలభై దాటింది. ఇంకేం చేస్తుందిలే అని మేమందరం అనుకున్నాం. అనుకోవడమేమిటి, పైకే అన్నాం.

అప్పుడే బ్రహ్మయ్యగారి సంగతి జరిగింది. ఒంగోలు నుంచి కొడుకు దగ్గరకి వచ్చిన పెద్దాయన, వాళ్ళ పక్క వీధిలోనే. ఒక రోజు ఆయనకి ఒంట్లో బాగోలేదు. ఇంట్లో కాలేజీ చదివే మనవరాలు తప్ప ఎవరూ లేరు. వదినే కారులో ఎక్కించుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. పెద్దాయన డాక్టర్‌తో కళ్ళు తిరుగుతున్నాయి అని చెప్పాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, పాపం, ఆ మాటనే ముక్కకి ముక్క ఇంగ్లీషులో పెట్టింది. డాక్టరు టార్చి తీసుకుని ఆయన కనుగుడ్లు పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. అప్పుడు మా వదిన ముందుకెళ్ళి, ఆయనకి తల తూలుతోందనీ పడిపోయేలా ఉన్నాడనీ చెప్పింది. మనవరాలు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళగానే పెద్దాయన వదినని దగ్గరికి పిలిచి, బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేక రెండోసారి కూడా వేసుకున్నానమ్మా, పిల్లల ముందు చెప్పడానికి సిగ్గేసింది అన్నాడట.

ఇంటికొచ్చాక వదిన నాతో అంది. "గొంతు తగ్గించి చెప్పాడు సుభా. ఎవరైనా గొంతు తగ్గించి చెప్పేదే అసలు జబ్బు. అది వినేవాళ్ళుండాలి."

ఆ మాట పట్టుకుని కూర్చుంది. మెడికల్ ఇంటర్‌ప్రెటర్ కోర్సు చేసింది, పరీక్ష రాసింది, మొదటిసారి తప్పింది, మళ్ళీ రాసింది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. అప్పటినుంచీ ఒక ఏజెన్సీకి ఇంటినుంచే పని చేస్తోంది. గెస్ట్ రూమ్ తలుపు వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే ఎక్కడెక్కడి ఆసుపత్రులనుంచో ఫోన్లు వస్తాయి. అటు డాక్టరు, ఇటు ఇంగ్లీషు రాని తెలుగువాళ్ళు, మధ్యలో మా వదిన. ఆ గదిలో విన్నది గుమ్మం దాటి బయటికి రాదు. భోజనం దగ్గర అన్నయ్య ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఒక్క ముక్క రాలదు.

సింకు దగ్గర ఆ రోజు చెప్పింది. ఈమధ్య కాల్స్‌లో మళ్ళీ చెప్పండి అని అడగడం ఎక్కువైందట. హెడ్‌సెట్ మార్చి చూసింది, వాల్యూమ్ పెంచి చూసింది. ఈ ఇంటర్‌ప్రెటర్ అడిగిందే అడుగుతోంది, టైమ్ వేస్ట్ అవుతోంది అని ఆసుపత్రుల వాళ్ళు రాశారని సూపర్‌వైజర్‌నుంచి మెయిల్ కూడా వచ్చింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"నా చెవులే పోతున్నాయా, లేక మీ అన్నయ్య స్పీకర్లే అలా ఏడ్చాయా, నాకు తేలాలి" అంది. "చెవులే అయితే నేనా గదిలో కూర్చోకూడదు సుభా. అవతల ప్రాణాలు."

"డాక్టర్‌కి చూపించుకో, తేలిపోతుంది."

"చూపించుకుంటాను. ముందు ఇది చూడనీ."

పైకి మొండితనం, లోపల భయం. ఇంత మాత్రం నాకు తెలియదా? చెవులకి ఏమీ కాలేదని స్పీకర్ల చేత చెప్పించుకోవాలని ఆవిడ ఆరాటం. కానీ పట్టుబట్టాక ఆవిడకి అడ్డం వెళ్ళడం దండగ.

తరవాతి వారం సౌండ్ మీటర్ తెప్పించింది. టీవీ రిమోట్ అంత ఉంటుంది, కొసన చిన్న మైకు. చప్పుడు ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. అట్లాంటాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉండే వాళ్ళమ్మాయి అనిక కూడా శనివారం పొద్దున్నే వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ స్పీకర్ల తాలూకు మాన్యువల్ టేబుల్ మీద పరిచి కూర్చున్నారు.

అన్నయ్యకి నషాళానికంటింది. ఎనిమిది స్పీకర్లనీ తన చెవితో సెట్ చేసుకున్నానని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునే మనిషి మరి.

"నా చెవి కన్నా ఆ ప్లాస్టిక్ ముక్క ఎక్కువా?" అన్నాడు.

"ప్లాస్టిక్ ముక్క ఎవరిమీదా జోకులెయ్యదు" అంది వదిన, మాన్యువల్ మీదనుంచి తల ఎత్తకుండానే. నాకు భలే హాయిగా అనిపించింది.

కొలిచేటప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలట. ఏసీ ఆపేశాం. బేస్‌మెంట్‌లో ఉన్న రెండో ఫ్రిజ్ ప్లగ్ పీకేశాం. పైన తిరుగుతున్న డ్రయర్ ఆపేశాం. అంతా అయ్యాక పక్కింటి లాన్ కోసేవాళ్ళు బ్లోయర్ అందుకున్నారు. ఆకులన్నీ ఊదేదాకా నలుగురం బొమ్మల్లా కూర్చున్నాం. ఆ కాసేపట్లో అన్నయ్య పెట్టిన మొహం చూడాలి.

మీటర్‌ని కెమెరా స్టాండ్‌కి బిగించారు. చేత్తో పట్టుకుంటే మనిషి ఒళ్ళు అడ్డమొచ్చి లెక్క తప్పుతుందట. చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో నిలబెట్టాలి. అన్నయ్య స్టాండ్ తీసుకెళ్ళి తన రిక్లైనర్ ముందు పెట్టాడు. వదిన లేచి దాన్ని తెచ్చి జంపఖానా మీద, మెట్ల పక్కన, తను కూర్చునే చోట పెట్టింది. అన్నయ్య మళ్ళీ తీసుకెళ్ళాడు.

"మెయిన్ సీట్ దగ్గర కొలవాలని అందులో రాసి ఉంది కదా జయంతీ."

"ఇంట్లో మెయిన్ సీట్ ఏదో ఎవరు తేల్చారు?" అంది వదిన. "మీ ఒక్కరి చెవి కోసమేనా ఇన్ని పెట్టెలు?"

అనిక ఇద్దరి మధ్యలోకి వచ్చింది. "స్టాప్, స్టాప్. రెండు ప్లేసెస్‌లో చేద్దాం నాన్నా. ఫస్ట్ నీది, తర్వాత అమ్మది."

స్పీకర్లన్నింటినీ నడిపే రిసీవర్‌లో టెస్ట్ టోన్ ఆన్ చేస్తే ఒక్కొక్క స్పీకర్లోంచి వరసగా షూ మని ఒకే రకం హోరు వస్తుంది. ప్రతిదానికీ మీటర్ మీద డెబ్బై అయిదు పడాలి. అన్నయ్య కుర్చీ దగ్గర దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మాటలు వచ్చే మధ్య స్పీకర్ ఒక్కటి కొంచెం తక్కువ. అన్నయ్య చేతులు కట్టుకుని మా అందరి వంకా చూశాడు. తరవాత స్టాండ్ మెట్ల దగ్గరికి వచ్చింది. నెత్తిమీద ఉన్న వెనక స్పీకర్ ఎనభై దాటిపోయింది. మధ్య స్పీకర్ అరవై ఆరు దగ్గర ఆగింది. అంటే అక్కడ కూర్చున్న మనిషికి వెనకనుంచి వానా గాలీ హోరెత్తిపోతుంటే, ముందు హీరో ఏమంటున్నాడో చెవిన పడదు.

వదిన ఆ అంకెకేసి చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలోకి రక్తం రావడం నాకు కనిపించింది.

"చూశావా సుభా" అంది మెల్లగా.

ఇక ఆవిడని ఆపేవాళ్ళెవరు? రిక్లైనర్లు ముందుకి జరిపించింది. జంపఖానా గది మధ్యకి లాగించింది. వెనక స్పీకర్ మెడ తిప్పించింది. టీల కోసం ఒకళ్ళు లేస్తే మిగతావాళ్ళు లేవక్కర్లేదు, ఇకనుంచి లేచేవాళ్ళలో మగవాళ్ళూ ఉంటారు అని కూడా అక్కడికక్కడే తేల్చేసింది. అనిక రిమోట్‌తో ఒక్కొక్క స్పీకర్ పెంచుతూ తగ్గిస్తూ, వదిన మీటర్ చదువుతూ, ఒక్కో చోట రెండేసి సార్లు చూసుకుంటూ అన్నింటినీ ఒక దారికి తెచ్చారు. అన్నయ్య ఇష్టంగా పెంచుకున్న బాస్ స్పీకర్‌ని తగ్గించేటప్పుడు మాత్రం ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

అప్పుడు అనిక ఇంకో పని చేసింది. సినిమా పెట్టి, కింద వచ్చే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆపేసింది. పిల్లలకి తెలుగు సరిగ్గా రాదని ఎప్పుడూ అవి ఆన్‌లోనే ఉంటాయి. ఒక సీను నడిచింది, మామా అల్లుళ్ళ గొడవ. అన్నయ్య ముందుకి వంగాడు.

"ఏమన్నాడు?" అన్నాడు.

నేను ఆగలేకపోయాను, పగలబడి నవ్వాను. ఇన్నాళ్ళూ అందరూ వింటున్నామనుకుంటూ చదువుతున్నారన్నమాట. మెట్ల పక్కన కూర్చుని, తలకాయల వెనకనుంచి సబ్‌టైటిల్స్ కనపడని మా వదిన ఒక్కతే నిజంగా వింటోంది. చెవుడు ఆవిడకట.

కానీ అన్ని స్పీకర్లూ డెబ్బై అయిదు చూపిస్తున్నా మాట ఇంకా మొద్దుగానే ఉంది. అనిక మళ్ళీ టెస్ట్ టోన్ పెట్టింది. ఎడమది, మధ్యది, ఎడమది, మధ్యది.

"సెంటర్‌ది వేరేగా ఉంది అమ్మా. లైక్, దుప్పటి కప్పినట్టు. వినపడ్డది కదా?"

"ఆఁ, అవును" అంది వదిన.

అనిక లేచి మధ్య స్పీకర్ ముందున్న గుడ్డ జాలీ ఊడదీసింది. లోపలికి చూసి, "నాన్నా, ఇది ఏంటి రెడ్‌గా ఉంది?" అంది.

కుంకుమ. రెండు పెద్ద గుండ్రటి స్పీకర్ల మధ్య గోళీ అంత చిన్న గుబ్బ ఉంది. సన్నటి శబ్దాలన్నీ పలికేది అదేనట. దాని నడినెత్తిన గంధం, గంధం మీద కుంకుమ, ఏళ్ళ తరబడి ఒకదానిమీద ఒకటి పెట్టి ఎండిన బొట్టు. బొట్టు బరువుకి, పెట్టిన వేలి నొక్కుకి ఆ గుబ్బ లోపలికి సొట్టపోయింది.

ఏటా దసరాకి అన్నయ్య ఆయుధ పూజ చేస్తాడు. కారుకీ, లాప్‌టాప్‌కీ, మిక్సీకీ, అన్నింటికీ బొట్లు పెడతాడు. మిగతా స్పీకర్లకి చెక్క మీద పెట్టాడట. దీనికి మాత్రం జాలీ తీసి మరీ లోపల పెట్టాడు.

"మాటలొచ్చేది దీంట్లోంచే కదా, అందుకని నేరుగా నోటికే పెట్టాను" అన్నాడు, పట్టుబడ్డ దొంగలా.

అనిక నవ్వుతూ నేల మీద కూలబడిపోయింది. తరవాత తడి బట్టతో గంధం కరిగించి తుడిచి, ఆరనిచ్చి, సెల్లోటేప్ ముక్క ఆ గుబ్బకి మెత్తగా అంటించి లాగింది. ఒకసారికి రాలేదు. ఇంకోసారికి టక్కున బయటికొచ్చింది. మళ్ళీ టెస్ట్ టోన్ పెట్టింది.

అనికా, అన్నయ్యా, నేనూ ముగ్గురం ఒక్కసారే తల ఎత్తాం. చెవిలో చేరిన నీళ్ళు బయటికి పోయినట్టు హాయిగా తెరుచుకుంది ఆ శబ్దం. సినిమా పెడితే ఆ మామగారి మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా, పళ్ళ సందులోంచి గాలి జారడం కూడా తెలిసేంత స్పష్టంగా వచ్చాయి. అన్నయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాడు.

"ఒప్పుకున్నాను. తప్పు స్పీకర్‌దే. నువ్వే గెలిచావు జయంతీ, లెంపలేసుకుంటున్నాను" అన్నాడు.

వదిన మీటర్ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "ఏదీ అనికా, మళ్ళీ పెట్టు" అంది. అనిక పెట్టింది. వదిన కళ్ళు మూసుకుంది. ఇంకోసారి పెట్టమంది. తరవాత మీటర్ ఆపి, టీ పెడతానని పైకి వెళ్ళిపోయింది.

ఆవిడ మొహం చూసిన దాన్ని నేనొక్కదాన్నే. వెనకే పరిగెత్తాను. ఈసారి చేతులు వణకడం లేదు. పాలు పొయ్యి మీద పెట్టి వాటికేసి చూస్తూ నిలబడింది.

"నాకు తేడా తెలియలేదు" అంది. "మీ ముగ్గురూ ఒక్కసారే తల ఎత్తారు చూడు, అప్పుడర్థమైంది. బొట్టున్నప్పుడూ, తీసేశాకా నాకు ఒక్కలాగే ఉంది. అనిక అడిగినప్పుడు ఊరికే అవునన్నాను."

"పోనీలే వదినా. అన్నయ్య ఒప్పుకున్నాడుగా. ఎవరికి తెలుస్తుంది?"

చెప్పొద్దూ, ఆ క్షణంలో నా బుద్ధి అంతే. ఆవిడ గెలవాలి, అన్నయ్య నోరు మూతపడాలి. దానికి మించి నేను ఆలోచించలేదు.

"నాకు తెలుసుగా" అంది వదిన. "ఆ బొట్టు తినేసిన చప్పుడేదో నా చెవులు ఎప్పుడో తినేశాయి. ఎప్పటినుంచో కూడా నాకు తెలియదు."

ఎవరికీ చెప్పకు అంటుందనుకున్నాను. అనలేదు. టీ కప్పులు ట్రేలో పెట్టుకుని కిందికి దిగి, అందరికీ ఇచ్చి, వాళ్ళిద్దరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. అన్నయ్య కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"అయితే ఆ రోజు నేనన్నది..." అన్నాడు.

"మీరన్నది నిజమే. అన్న తీరు బాగాలేదు" అంది. "సోమవారం నేను లాగిన్ అవ్వడం లేదు."

అవ్వలేదు. చెవుల డాక్టర్ దగ్గరికి తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది, ఎవర్నీ రావద్దంది. రెండు చెవుల్లోనూ పైస్థాయి శబ్దాలు బాగా తగ్గాయని చెప్పారు. వయసుతో వచ్చేదే, కొందరికి కొంచెం ముందొస్తుందట. హియరింగ్ ఎయిడ్స్ పెట్టారు. కాల్స్ నేరుగా వాటిలోకే వచ్చే ఏర్పాటు ఉంది. హాయిగా పనిలోకి దిగొచ్చు. మేమందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం.

కానీ మా వదిన అక్కడితో ఆగితేనా? సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, నాకు వినికిడి తగ్గిందని తేలింది, ఈ ఏడాది నేను తీసుకున్న కాల్స్ రికార్డింగులు మీ దగ్గర ఎన్నుంటే అన్నీ తెలుగు వచ్చిన ఇంకొకరి చేత వినిపించండి, నేనెక్కడైనా తప్పు చెప్పానేమో చూడండి, అంతవరకూ నేను పని చేయను అని చెప్పింది.

అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఎవరూ అడగని నేరం నువ్వెందుకు మీదేసుకోవడం? ఒక్క తప్పు దొరికినా తీసేస్తారు. సర్టిఫికెట్ పోతుంది. ఇన్నేళ్ళ కష్టం జయంతీ."

నేనూ అరిచాను, దాచుకోవడమెందుకు. నీకు పిచ్చి పట్టింది వదినా అన్నాను. ఈ వయసులో మళ్ళీ ఇంట్లో కూర్చుంటావా అని కూడా అన్నాను.

ఆవిడ ఇద్దర్నీ చెప్పనిచ్చింది. "ఏ పెద్దాయనో గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. అది నాకు వినపడలేదు. నేనింకేదో చెప్పాను. ఆయనకి తప్పు మందు పడింది. అలా జరిగిందో లేదో తెలియకుండా నేను ఆ హెడ్‌సెట్ పెట్టుకోలేను" అంది. "జరిగితే వాళ్ళకి చెప్పాలి. నా ఉద్యోగం తరవాత సంగతి."



ఆ ఎదురుచూపులో మా తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ మాత్రం పప్పుల డబ్బాలన్నీ దించి కడిగింది. కర్టెన్లు ఉతికింది. కొత్త చెవులతో ఇల్లంతా తిరుగుతూ, ఈ మెట్టు ఇలా కిర్రుమంటుందా, మీరు నిద్రలో పళ్ళు కొరుకుతారా అని అన్నయ్యని అడిగేది. రాత్రులు నిద్ర లేదని కళ్ళే చెప్పేవి. అన్నయ్య జోకులు మానేశాడు. శనివారం ఎవరో సినిమాకి వస్తామంటే, ఈ వారం వద్దులే అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఫోన్ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అన్నయ్య ఇంటినుంచే పని చేస్తున్నాడు, ఫోన్ మోగగానే లాప్‌టాప్ వదిలేసి వచ్చాడు. వదిన ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది. మా ఇద్దర్నీ పొమ్మనలేదు. చెడ్డ మాటైతే అందరం ఒకేసారి వినాలనుకుందేమో.

సూపర్‌వైజర్ పేరు డెనిస్. ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఉన్న రికార్డింగులన్నీ ఇద్దరు తెలుగు ఇంటర్‌ప్రెటర్లు విన్నారట. పేషెంట్‌కి చేటు చేసే తప్పు ఎక్కడా దొరకలేదు.

వదిన నమ్మలేదు. "అన్నీ విన్నారా?" అని అడిగింది.

"మా దగ్గరున్నవన్నీ విన్నాం. మీకు అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆగి మళ్ళీ అడిగారు. ఊహించి ఒక్కచోట కూడా చెప్పలేదు" అంది డెనిస్. "ఒక కాల్‌లో పేషెంట్ ఒకావిడ, డాక్టరు విసుక్కుని ఇక చాలు, ముందుకెళ్దాం అంటారు. అప్పుడు మీరు, ‘క్షమించండి డాక్టర్, నాకు సరిగా వినపడలేదు, ఆవిణ్ణి మళ్ళీ అడగాలి’ అన్నారు. అలా మళ్ళీ అడిగినప్పుడే ఆవిడ ఛాతీలో నొప్పి సంగతి బయటపెట్టింది. అంతకుముందు చెప్పనే లేదు. మీ మీద ఫిర్యాదు వచ్చిన కాల్స్‌లో అదొకటి. మీకు అలాంటి మెయిల్ పంపినందుకు నేను క్షమాపణ చెప్పాలి."

ఇంకా ఏవో చెప్పింది డెనిస్, కొత్త ఎయిడ్స్‌తో ఈమధ్య పెట్టిన చిన్న పరీక్ష కూడా వదిన నెగ్గిందనీ, ఈ రోజునుంచే షిఫ్ట్ తెరిచామనీ. వదిన థాంక్యూ అని ఫోన్ పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఇన్నాళ్ళూ దిగమింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. నేను కత్తిపీట పక్కకి నెట్టి లేచాను. అన్నయ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఏం చెప్పాలో తెలియక, "ఊరుకో జయంతీ, ఊరుకో. అంతా బాగానే ఉందిగా" అన్నాడు.

"ఏడవనివ్వండి కాసేపు" అంది వదిన, చేతులు తీయకుండానే. "పన్నెండింటికి లాగిన్ అవ్వాలి."